చివరి కుళాయి నీళ్లు

పసిదాన్ని పాతిపెట్టి వచ్చిన మర్నాడే ఊరికి నీళ్ల పైపు వేసిన కాంట్రాక్టరు ఓ కాగితం తెచ్చి చూపించాడు. "చూసుకోండి, నీళ్లు తాగొచ్చని ముద్ర వేసి మరీ ఇచ్చారు. పైపు ఎందుకు మార్చాలి?" అన్నాడు. వాంతులు, విరేచనాలతో పోయింది మా అన్న చిన్నకూతురు. పెద్దది ఆసుపత్రిలో ఉంది. ఊళ్లో పంపు నడిపేది నేనే, ఆ కాగితం మీద నీళ్లు పట్టిచ్చినట్టు సంతకమూ నాదే.

తప్పు మా దగ్గరా ఉంది. నెలకోసారి నీళ్లు పరీక్షించే బండి వస్తుంది. వాళ్లిచ్చిన సీసా నేను వదినకిచ్చేవాణ్ణి. ఆమె నీళ్లు కాచి, వడగట్టి, చల్లార్చి నింపేది. బయటివాళ్ల చేతికి మురికినీళ్లిస్తే ఊరి పరువేం కావాలి? రోజూ కాచుకు తాగడానికి మాత్రం కట్టెలెక్కడివి? మీరూ రెక్కలు నమ్ముకున్నవాళ్లే, అర్థమవుతుంది.

సాయంత్రం పంపు గది ముందు కూర్చున్నాం. అరిచే ఓపిక కూడా ఎవరికీ లేదు.

"ఆ కాగితం వాడికి మనమే ఇచ్చాం," అన్నాను.

"అయితే నా పిల్లని నేనే చంపుకున్నానా అబ్బాయ్?" అంది వదిన.

కుట్టుమిషను పెద్దమ్మ ఆమెను దగ్గరికి తీసుకుంది. "నువ్వు కాదే తల్లీ. మురిక్కాలవలో పైపు పడేసినోడు చంపాడు. సిగ్గు పడాల్సింది వాడు, మనం కాదు."

"వాళ్లతో పెట్టుకుంటే ఉన్న నీళ్లూ ఆపేస్తారు," గొణిగాడు తాపీమేస్త్రి.

"ఆపనీరా. అప్పుడైనా బతుకుతాం," అంది పెద్దమ్మ.

చాలా రోజుల తర్వాత కొందరు నవ్వారు.

బండి వచ్చిన రోజు కాంట్రాక్టరు ట్యాంకు కింద కుళాయి దగ్గరే కాపు కాశాడు. "ఇక్కడే పట్టండి," అన్నాడు. వదిన సీసా అందుకుని ఊరి చివరి కుళాయికి నడిచింది. వెనకాల వందమందిమి నడిచాం. పచ్చగా, కంపు కొడుతూ వచ్చిన నీళ్లు ఉన్నవి ఉన్నట్టే పట్టింది. "మేం తాగేది ఇదేనమ్మా," అంది. పరీక్షలు చేసే అమ్మాయి మూత బిగించి, ఎక్కడ పట్టిందీ రాసుకుంది.

గంటలో పోలీసు జీపు వచ్చింది. సంతకం నాది కాబట్టి, సీసాలో మురికి కలిపానని కాంట్రాక్టరు నా మీదే కేసు పెట్టాడట. మూడేళ్లు కాచినవి ఇచ్చినప్పుడు రాని కేసు, నిజం నింపిన రోజు వచ్చింది.

"రిపోర్టు వచ్చేదాకా ఆగండి, పైపు ముట్టకండి," అన్నాను మావాళ్లతో, జీపెక్కుతూ.

"పిల్లలు ఆగుతారా?" అంది వదిన. తాపీమేస్త్రి గునపం తెచ్చి ఆమె చేతికిచ్చాడు. మురిక్కాలవలోంచి పైపు పైకి తీయడానికి రోడ్డు మీద మొదటి పోటు పడింది.

"రోడ్డు తవ్వితే అందర్నీ లోపలేస్తా!" ఎస్సై అరిచాడు.

ఎవరూ తలెత్తలేదు. జీపులో నా పక్కన ఇంకొక్కరికే చోటుంది. తవ్వుతున్నవాళ్లు వందమంది.