మామగారి మాల్వేరు

“మామయ్యకి మాల్వేరు చిన్నత్తయ్యా, మాల్వేరు! పొద్దున్నుంచీ దాంతోనే సరిపోయింది” అని అల్లుడు ఫోనులో అరిచాడు.

అవతల వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. ఆ మాట కూడా అందులో పడి, నలిగి, చిన్నత్తగారి చెవికి “మామయ్య వేరు” అని చేరింది.

“వేరా? ఈ వయసులోనా?” అందావిడ.

“వయసుతో పనేముంది! ఉచితంగా వస్తోంది కదా అని ఆయనే ఇంట్లోకి తెచ్చుకున్నారు. సాయంత్రంలోగా గెంటేస్తాను. మీరు మాత్రం అత్తయ్యని ఇటు రానివ్వకండి. ఆవిడకి తెలిస్తే అంతా పాడైపోతుంది.”

అల్లుడు ఫోన్ పెట్టేసి చేతులు దులుపుకున్నాడు. అక్కడ చిన్నత్తగారు మిక్సీ కట్టేసి గుండె పట్టుకుంది.

అల్లుడిది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. మామగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. భుజాన సంచి దిగింది గాని గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఆయనకీ అత్తగారికీ పెళ్ళయి ఈ రోజుకి నలభయ్యేళ్ళు. పాత టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ముక్కలు అతికించి, సాయంత్రం బంధువులందరి ముందూ ఆవిడకి ఒక సినిమా చూపించాలని ఆయన నెల్లాళ్ళుగా గది తలుపేసుకుని కూర్చుంటున్నారు. అందుకే పొద్దున్నే అత్తగారిని, కూతురితో సహా, చిన్నత్తగారింటికి పంపేశారు. ముక్కలు అతికించడానికి ఉచితంగా దొరికిన సరుకేదో దించుకుంటే, దాంతోపాటు మాల్వేరూ టిక్కెట్టు లేకుండా ఎక్కేసింది.

అల్లుడు దాన్ని వెతికి వెతికి దించేశాడు. అంతటితో ఊరుకుంటే బావుండేది. మామగారి కీబోర్డు మీద మరకలు చూసి జాలిపడి, దాన్ని పీకి బల్ల కింద పడేసి, కొట్లోంచి తెచ్చిన కొత్తది కానుకగా తగిలించాడు. కంప్యూటరు ఆపి, మళ్ళీ వేశాడు.

మామగారు ముందుకి వంగి, రెండు వేళ్ళతో, కళ్ళు మీటల మీంచి ఎత్తకుండా పాస్‌వర్డు కొట్టారు. తప్పు అంది తెర. మళ్ళీ కొట్టారు. మళ్ళీ తప్పే.

“లాగిన్ అవడం లేదు మామయ్యా” అన్నాడు అల్లుడు నీరసంగా.

“లాగినా అవదు, తోసినా అవదు! జీవితమంతా ఊళ్ళోవాళ్ళ పాసులు చూసినవాణ్ణి, నా పాసు చెల్లదంటుందా? నువ్వు ఆ దొంగని దించేటప్పుడు నా పాసు కూడా లాక్కుని దించినట్టున్నావోయ్!”

అల్లుడికీ అదే అనుమానం. మాల్వేరుని పీకేటప్పుడు లాగిన్‌కి సంబంధించిన ఫైలేదైనా ఊడొచ్చిందేమోనని పెన్‌డ్రైవు పెట్టి చూశాడు. అన్నీ ఉన్నాయి. పెద్దక్షరాల మీట వెలిగి ఉందేమో చూశాడు. లేదు. డిస్కు ఊడదీసి వేరే కంప్యూటరుకి తగిలిద్దామంటే, మామగారు డిస్కుకీ అదే మాటతో తాళం వేశారట. ఆ మాట లేకుండా తెరిస్తే కనిపించేది చెత్తే.

“పోనీ ఆ మాటేదో నాకు చెప్పండి, నేను కొడతాను.”

“అబ్బే” అన్నారు మామగారు, చెవులు ఎర్రబడుతుంటే. “అది మా ఇద్దరి మధ్య మాట.”

“మీకూ కంప్యూటరుకీనా?”

“మీ అత్తయ్యకీ నాకూ. ఆవిడకి తెలీదనుకో.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. గొంతు కూడా మొదటిసారి రిటైరైనట్టుంది. “ఆ టేపులు బూజు పట్టిపోయాయి, ఎక్కించాక పారేశాను. ఇంకెక్కడా లేవురా” అన్నారు మెల్లగా. ‘రా’ అన్నారంటే కొడుకుతో చెప్పుకున్నట్టే. అల్లుడికి కొత్త మీటల మీద వేలు పెట్టడానికి కూడా భయమేసింది.

సరిగ్గా అప్పుడు బయట టాక్సీ ఆగింది. ముందు చిన్నత్తగారు, వెనక కూతురు, అందరికన్నా వెనక వచ్చినా అందరికన్నా ముందు గదిలోకి అత్తగారు.

“ఏదీ, ఎక్కడుంది?” అంది అత్తగారు.

“ఎవరు?” అన్నారు మామగారు.

“ఉచితంగా వచ్చిందట కదా, అది! నెల్లాళ్ళ నుంచీ తలుపులు బిగించుకుంటుంటే ఏమో అనుకున్నాను. వేరు పడాలనుంటే నా మొహం మీద చెప్పొచ్చుగా?”

“ఏమండీ, మా నాన్న వేరు పోతుంటే మీరు దగ్గరుండి సామాను సర్దుతున్నారా?” అని కూతురు మొగుడి మీద పడింది.

అల్లుడు కిందా మీదా చూశాడు. నిజం చెబితే సినిమా సంగతి బయటపడుతుంది. చెప్పకపోతే సంసారం బయటపడుతుంది. మామగారు మాత్రం పెదవి విప్పలేదు. నెల్లాళ్ళు దాచినదాన్ని ఇంకో రెండు గంటల కోసం పాడుచేసుకోవడం ఆయనకి ప్రాణం ఒప్పలేదు. సినిమా దొరుకుతుందో లేదో తెలియకపోయినా సరే.

అత్తగారి చూపు బల్ల కింద పడింది. “ఇదెందుకు పారేశారు?” అంటూ పాత కీబోర్డు తీసింది. “దీని మీద కాఫీ ఒలికితే దూది పెట్టి మీట మీటకీ తుడిచాను. అంత చాకిరీ చేసినదాన్నీ మూలకి తోసేశారన్నమాట. దీన్నీ, నన్నూ!”

అల్లుడు తల ఎత్తాడు. “ఎప్పుడు ఒలికింది అత్తయ్యా?”

“ఈయన తాళాలు గీళాలు పెట్టుకుంటానని మొదలెట్టిన రోజే. కాఫీ ఇద్దామని తలుపు తోస్తే ఉలిక్కిపడి కప్పు తన్నేశారు. నేను తుడిచిచ్చాకే మళ్ళీ కూర్చున్నారు.”

“మామయ్యా, దీంతో మీరు ఇంకేమైనా టైపు చేస్తారా?”

“ఇంకేం చేస్తాను? ఆ ఒక్క మాటే. మిగతాదంతా మౌసే.”

అల్లుడు గబగబా పాత కీబోర్డు తగిలించి, పాస్‌వర్డు గడిలో ఒక్కో మీటా నొక్కుతూ పోయాడు. నొక్కినదానికల్లా తెర మీద ఒక చుక్క పడుతోంది. ‘వై’ దగ్గరికొచ్చేసరికి చుక్క పడలేదు. మళ్ళీ నొక్కాడు. లేదు.

“వై లేదు!” అని అరిచాడు.

“వై లేదంటే, ఎందుకో నాకేం తెలుసు?” అంది చిన్నత్తగారు.

“‘వై’ మీట కాఫీ తాగి పడుకుంది చిన్నత్తయ్యా! మామయ్య నొక్కేవారు, అది పడేది కాదు. చూసుకోలేదు. పాస్‌వర్డు పెట్టినప్పుడూ పడలేదు, రోజూ తెరిచినప్పుడూ పడలేదు, కాబట్టి ఇన్నాళ్ళూ సరిపోయింది. నేను కొత్తది తగిలించాను, అందులో ‘వై’ శుభ్రంగా పడుతోంది. అదీ తప్పు! ఈ పాతదాన్ని ఇక నమ్మలేం, ఇంకో మీట పడుకుంటే అంతే. మామయ్యా, ఇప్పుడైనా ఆ మాట చెప్పండి, ‘వై’ వదిలేసి కొత్తదాని మీద నేను కొడతాను.”

మామగారు అత్తగారి వంక చూశారు, కిటికీ వంక చూశారు, తప్పించుకునే దారి లేదని తేల్చుకున్నారు.

“గయ్యాళి” అన్నారు.

కూతురు గబుక్కున తల్లి వంక చూసింది. అల్లుడు ఇంగ్లీషు అక్షరాల్లో వేళ్ళ మీద లెక్కేసుకుని, రెండు వైలూ ఎగరగొట్టి, మిగిలింది చూసి పగలబడి నవ్వాడు. “గాలి! ఇన్నాళ్ళూ మీ తాళం గాలి మామయ్యా!”

కొత్త కీబోర్డు మీద ‘గాలి’ కొట్టగానే తలుపు తెరుచుకుంది. సినిమా ఎక్కడున్నది అక్కడే ఉంది. అల్లుడు చప్పున తెర ఆర్పేశాడు గాని, దాని పేరు పక్కన ఉన్న చిన్న బొమ్మలో తన పెళ్ళినాటి మొహం అత్తగారు చూసేసింది. పాత కీబోర్డుని చీరకొంగుతో ఒకసారి తుడిచి బల్ల మీద పెట్టింది.

సాయంత్రానికి బంధువులు ఒక్కొక్కరే దిగారు, అందరివీ వేలాడే మొహాలే. చిన్నత్తగారు టాక్సీలో కూర్చునే ఎవరికి చేయాలో వాళ్ళందరికీ ఫోన్లు చేసేసింది. ఒక బావగారైతే తెలిసిన లాయర్నే వెంటబెట్టుకొచ్చాడు. అల్లుడు ముందు సినిమా వేసేశాడు. అందులో ప్రతి ముక్కలోనూ అత్తగారు మామగారిని తిడుతూనే ఉంది. చంకలో పిల్లతో, “ఆ కెమెరా అవతల పెట్టి బట్టలు ఆరెయ్యండి!”, వానలో, “గొడుగు పట్టేది నాకా, కెమెరాకా?”, తెల్లజుట్టుతో, “తీసింది చాల్లెండి, మాత్ర వేసుకున్నారా?” అందరూ పడిపడి నవ్వారు. అత్తగారు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు అల్లుడు టీవీకి అడ్డంగా నిలబడి, మిక్సీ మొదలు కాఫీ దాకా మొత్తం విప్పి చెప్పాడు. మాల్వేరంటే కంప్యూటరుకి పట్టే చీడ అనీ, గెంటేసింది దాన్నేననీ, మామయ్య వేరు కాదనీ. చిన్నత్తగారు, “మరి గట్టిగా చెప్పొద్దూ!” అంది. లాయరు ఇంకో కప్పు కాఫీ అడిగాడు.

“నేను వేరా? పాతుకుపోయిన వేరుని, పీకినా రాను” అన్నారు మామగారు, గొంతు మళ్ళీ డ్యూటీ ఎక్కి. “ఏమోయ్, ఆ తాళం మాట మార్చమంటావా?”

“అక్కర్లేదు” అంది అత్తగారు. “ఈసారి వైలు రెండూ పడేలా కొట్టండి.”