గెరాటీ వాళ్ళ ఆకలి పచ్చిక

గెరాటీ వాళ్ళింట్లో జేబులో రొట్టెముక్క లేకుండా ఎవరూ గడప దాటేవారు కాదు. పొద్దున్నే హనోరా పొయ్యి మీద పెనం పెట్టి ఓట్స్ పిండితో పల్చటి రొట్టెలు కాల్చేది. అవి చల్లారేలోపు భర్త మలాకీ బూట్లు తొడుక్కునేవాడు. కొడుకు థేడీ గుర్రాలకు నీళ్ళు పెట్టి వచ్చేవాడు. కూతురు ఊనా పాల బకెట్లు కడిగి బోర్లించేది. హనోరా తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి జేబూ తడిమేది. బడికి పోయే పిల్లల దగ్గర బలపం ఉందో లేదో చూసే తల్లి ఎలా చూస్తుందో అలాగే, అందులో పెద్ద విశేషమేమీ లేనట్టు.

ఎందుకంటే వాళ్ళ తూర్పు పొలంలో ఆకలి పచ్చిక ఉంది.

ఆకలి అనే మాట మనం రోజూ వాడతాం. వంట కాస్త ఆలస్యమైతే ఆకలేస్తోంది అంటాం. పచ్చిక మీద కాలు పడితే వచ్చేది ఆ ఆకలి కాదు. ముందు మోకాళ్ళు వణుకుతాయి. తర్వాత చేతుల్లో పట్టు పోతుంది, గడ్డి కొస అయినా సరే, మట్టి అయినా సరే నోట్లో పెట్టుకోవాలనిపిస్తుంది. తిండి లేక చచ్చిపోయిన మనిషికి ఆఖరి గంటలో ఎంత ఆకలి ఉంటుందో అదంతా ఒక్కసారిగా మీద పడుతుంది. వెంటనే రొట్టె ఒక్క కొరుకు కొరికితే దిగిపోతుంది. లేకపోతే మనిషి దక్కడు.

అమెరికాలో, అయోవాలో ఆ చుట్టుపక్కల ఎవరికీ ఇది వింత కాదు. ఒకరి పొలంలో రాళ్ళుంటాయి, ఒకరి పొలంలో చవుడు ఉంటుంది, గెరాటీ వాళ్ళ పొలంలో ఆకలి పచ్చిక ఉంది. పక్క పొలంలో ఉండే నార్వే వాళ్ళు అటు రావలసి వస్తే తమ రై రొట్టె తెచ్చుకునేవారు. చర్చి ఫాదర్ ఒక జేబులో ప్రార్థన పుస్తకం, ఇంకో జేబులో బిస్కట్ పెట్టుకుని వచ్చేవాడు. కాలు జారి పచ్చిక మీద పడితే ఈయన ముందు ఏ జేబులో చెయ్యి పెడతాడో చూడాలనుందని పెగ్ మోరన్ అనేది. పెగ్ కూడా గెరాటీ వాళ్ళలాగే ఐర్లండులోని మేయో నుంచి వచ్చినావిడే, రోడ్డుకి అవతల ఇల్లు, నోరు కాస్త పెద్దది.

చూడడానికి ఆ పచ్చిక భయపెట్టేలా ఏమీ ఉండదు. ఆ దేశపు గడ్డి మనిషెత్తు పెరిగి ఎండాకాలం చివరికి ఎర్రబడుతుంది. ఇది మాత్రం పొట్టిగా, మెత్తగా, ఏడాది పొడుగునా పచ్చగా ఉండేది. మంచు పడినా దాని మీద నిలిచేది కాదు. ఒక చిన్నపిల్ల పక్కకి ఒత్తిగిలి పడుకుంటే ఎంత చోటు పడుతుందో, అంతే ఉండేది.

ఆ చిన్నపిల్ల ఎవరో కూడా అందరికీ తెలుసు. మలాకీ చెల్లెలు సబీనా. ఐర్లండులో బంగాళాదుంప పైరు కుళ్ళిపోయిన ఏళ్ళలో, మేయోలో ఒక రోడ్డు పక్కన చచ్చిపోయింది. మలాకీ ఒక్కడే ఓడెక్కాడు. రేవుల్లో మోత మోశాడు, కాలవలు తవ్వాడు, హనోరాని పెళ్ళాడాడు, చివరికి అయోవాలో భూమి సంపాదించి నాగలి పట్టాడు. రెండో ఏడు వసంతంలో తూర్పు గట్టు దగ్గర పచ్చిక కనిపించింది. మలాకీ చాలాసేపు దాన్ని చూసి, నాగలిని పక్కనుంచి తిప్పుకున్నాడు. సముద్రం దాటి ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అందరూ సముద్రం దాటి వచ్చినవాళ్ళే కదా.

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ పచ్చిక ఒక్కచోట ఉండేది కాదు. మంచు కరిగాక చూస్తే, పోయిన ఏడు ఉన్నచోట మామూలు గడ్డి ఉండేది. పచ్చిక ఇంటివైపు కొంచెం జరిగి ఉండేది. తూర్పు గట్టు దగ్గర్నుంచి ఓట్స్ చేలోకి, ఓట్స్ చేలోంచి మొక్కజొన్నలోకి. ఒక ఏడు పచ్చిక మీదుగా నడిచిన ఆవు మోకాళ్ళ మీద కూలబడి లేవలేదు. దాని ముందు ఎండుగడ్డి మోపు అలాగే ఉంది. అప్పట్నుంచి హనోరా జేబులు రెండుసార్లు తడిమేది.

ఊనా పెద్దదయ్యేసరికి అది గాదె దాటింది.

ఆ ఏడాదే నది ఒడ్డున ఉన్న ఊళ్ళో రంపపు మిల్లులో థేడీ పనికి కుదిరాడు. వెళ్ళేరోజు హనోరా సంచి నిండా రొట్టెలు కాల్చి ఇచ్చింది. ఆ తర్వాత కూడా వారం వారం ఊరికెళ్ళే బండి ఎవరిదైనా సరే ఆపి, కొడుక్కి రొట్టెలు పంపేది. ఆ ఊళ్ళో రొట్టె దొరకదా ఏమిటని పెగ్ ఎద్దేవా చేసేది. ఆకలి చూసి వచ్చినవాళ్ళకి, కడుపున పుట్టినవాడు పరాయి రొట్టె తింటున్నాడంటే ఎలా ఉంటుందో పెగ్‌కీ తెలుసు. అయినా అనడం ఆవిడ అలవాటు.

థేడీ వెళ్ళిన కొన్నాళ్ళకే పచ్చిక మాయమైంది. మలాకీ పొలమంతా తిరిగి చూశాడు. ఎక్కడా లేదు. ఆ వసంతంలో మొదటిసారిగా తూర్పు గట్టు నుంచి ఇంటి దాకా వంకర లేకుండా దున్నాడు. చాలు చివర నిలబడి వెనక్కి చూసుకుని టోపీ తీశాడు. ఊనా ఖాళీ జేబులతో పొలమంతా పరిగెత్తింది. హనోరా కూడా నవ్వింది కానీ, ఏదో పొయ్యి మీద పెట్టి మరిచిపోయినట్టు మధ్యమధ్యలో ఆగి ఆలోచించేది.

వేసవిలో కబురొచ్చింది. థేడీ తను అద్దెకున్న ఇంటి మెట్ల దగ్గర చచ్చి పడి ఉన్నాడు. మిల్లు కూత విని, ఆలస్యమైందని ఉత్త చేతులతో పరిగెత్తాడట. రొట్టెల సంచి గదిలో మేకుకి తగిలించే ఉంది. ఆ మెట్ల పక్కన శీతాకాలం నుంచీ చారెడు పచ్చిక ఉందనీ, భలే ముద్దుగా ఉందని అందరూ అనుకునేవారనీ ఇంటావిడ చెప్పింది.

మలాకీ దారికి రొట్టె కట్టుకుని బండి తోలుకెళ్ళాడు. కొడుకుని బండిలో తెచ్చుకున్నాడు. మర్నాటికి పచ్చిక పెరటి కంచె దగ్గర ఉంది.

పాతిపెట్టి వచ్చిన మధ్యాహ్నం ఇల్లంతా జనం. వచ్చినవాళ్ళు వచ్చినట్టు రొట్టెలు తెచ్చి బల్ల మీద పేర్చారు. మలాకీ ఆ గుట్ట వంక చూస్తూ కూర్చున్నాడు. అందరూ జేబుల్లో రొట్టెముక్కలు సర్దుకుని పెరట్లోకి వెళ్ళాక, ఎప్పుడూ చెప్పని సంగతి హనోరాకి చెప్పాడు.

"ఆ రోజు రొట్టె నా దగ్గరే ఉంది," అన్నాడు.

"ఏ రోజు?"

"సబీనా పోయిన రోజు. మా ఇద్దరికీ కలిపి ఒకటే రొట్టె, నా చొక్కాలో పెట్టుకున్నాను. అది ఇంక నడవలేనంది. ఇక్కడే కూర్చో, ముందు ఏదైనా ఇల్లుందేమో చూసొస్తానన్నాను. సగం విరిచి దాని చేతిలో పెట్టి వెళ్దామని తోచలేదు. కొంతదూరం పోయి వెనక్కి చూస్తే, నా చొక్కా వంకే చూస్తోంది."

"వచ్చేసరికి?"

"వచ్చేసరికి దాని నోరంతా పచ్చగా ఉంది. గడ్డి తింది."

హనోరా బల్ల మీద పళ్ళాలు ఒకదాని మీద ఒకటి పేర్చింది, మళ్ళీ దించింది. లెక్క ఎక్కడ తప్పిందో తెలిసిపోయాక పలక మీద మొదట్నుంచీ చూసుకుంటాం కదా, అలా చూసుకుంది. మలాకీ రొట్టె పట్టుకుని ఓడెక్కాడు, పచ్చిక వచ్చింది. రోజూ రొట్టె పట్టుకుని పొలానికి పోయి ఇంటికి తిరిగొచ్చారు, ఇంటివైపు జరిగింది. థేడీ సంచి నింపుకుని వెళ్ళాడు, వెంట వెళ్ళింది. మలాకీ మూట కట్టుకుని వచ్చాడు, తిరిగొచ్చింది. ఆ పిల్ల ఎవరి మీదా పగపట్టలేదు. రొట్టె తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళ వెనకాల వస్తోంది, అంతే.

వారం వారం బండి ఆపి కొడుకు గుమ్మానికి దారి చూపించింది తనేనని కూడా ఆ లెక్కలోనే తేలింది.

ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మలాకీకి చెబితే అతను మళ్ళీ రొట్టె ముట్టడు. అలాగని రొట్టెలు మానేయడానికీ లేదు. పచ్చిక కంచె దగ్గరే ఉంది. రొట్టె లేకుండా అటు వెళ్తే చావు. రొట్టెతో వెళ్తే అది ఇంకాస్త దగ్గరకొస్తుంది. అందుకని హనోరా మునుపటిలాగే కాల్చింది, మునుపటిలాగే జేబులు తడిమింది.

ఇలా ఉండగా నార్వే వాళ్ళ అబ్బాయి ఏముండ్ ఊనాని పెళ్ళికి అడిగాడు. పడమటికి పోతే డకోటాలో భూమి ఖాళీగా ఉందని, పెళ్ళవగానే అక్కడికి పోయి సేద్యం చేస్తానన్నాడు. మలాకీ సంతోషించాడు. ఊనాయే తటపటాయించింది.

"నేను వెళ్ళిపోతే నీకెవరున్నారమ్మా?"

"మీ నాన్న ఉన్నాడుగా. సరిపోతాడు. ఒక్కోసారి ఎక్కువే అవుతాడు."

"థేడీ పోయాక నువ్వసలు ఎవరితోనూ మాట్లాడట్లేదు. నేనుంటాను. ఏముండ్ ఆగుతానన్నాడు."

"ఆగితే వాడికి దొరికేది రాళ్ళ భూమి. వెళ్ళు," అంది హనోరా. అసలు సంగతి చెబితే ఊనా ఇక కదలదని ఆవిడకి తెలుసు.

ఐర్లండు వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పెళ్ళికూతురు పుట్టింటి గడప దాటేటప్పుడు ఓట్స్ రొట్టె ఒకటి ఆమె తల మీద విరుస్తారు. ముక్కలు జుట్టులో, శాలువాలో పడతాయి. జన్మలో తిండికి లోటుండదని దీవెన. మిగిలిన రొట్టె మూటకట్టి బండిలో పెడతారు. కూతుర్ని ఉత్త చేతులతో పంపడమంటే, ఆకలి చూసి వచ్చిన ఆ జనంలో, కూతురు చచ్చిపోయిందని చెప్పడం లాంటిది.

వెళ్ళేరోజు పొద్దున హనోరా పొయ్యి వెలిగించలేదు. బండిలో విత్తనాలు, బంగాళాదుంపలు ఉన్నాయి, ఉప్పువేసిన పంది మాంసం ఉంది, పిండి పీపా ఉంది. పిండిని చూసి ఊరుకుంది. సబీనా చూసింది రొట్టెని, పిండిని కాదు. ఇరుగుపొరుగు తెచ్చిన రొట్టె మూటలు మాత్రం తనే స్వయంగా దింపేసింది. తల్లి రొట్టె తేకపోయేసరికి పెగ్ తన బుట్టలోంచి ఒకటి తీసి, హనోరా వద్దనేలోపే, ఊనా తల మీద విరిచింది.

హనోరా కూతురి ముందు నిలబడి జుట్టులోంచి ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. శాలువా విప్పి దులిపింది. మడతల్లోని నలుసులు కూడా గోటితో తీసి ఏప్రన్‌లో వేసుకుంది.

"ఏం హనోరా, దీవెన కూడా దాచుకుంటావా?" అంది పెగ్. "ఆ ముక్కలతో ఎన్నాళ్ళు గడుపుదామని?"

హనోరా వినిపించుకోలేదు. రోజూలాగే కూతురి జేబు తడిమింది. పుట్టినప్పటి అలవాటు కొద్దీ ఊనా నిన్నటి ముక్క ఒకటి అందులో పెట్టుకుంది. హనోరా అందరి ఎదుటా ఆ జేబులో చెయ్యి పెట్టి దాన్ని తీసేసుకుంది.

ఊనా ముఖం ఎర్రబడింది. "దారిలో తిందామనుకున్నానమ్మా," అంది, చిన్నగా.

"దారిలో బంగాళాదుంపలు ఉడకబెట్టుకోండి. పొద్దెక్కుతోంది, ఎక్కు."

ముద్దు పెట్టించుకోకుండానే ఊనా బండెక్కింది. ఏముండ్ పడమటివైపు తోలాడు. కూతురు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. కన్న కూతురి నోటి దగ్గర ముక్క లాక్కున్న తల్లిని ఇప్పుడే చూస్తున్నానని పెగ్ రోడ్డుపొడుగునా అనుకుంటూ పోయింది.

అందరూ వెళ్ళాక హనోరా కంచె దగ్గరికి నడిచింది. గాలి లేదు, అయినా పచ్చిక కొసలన్నీ పడమటికి వంగి ఉన్నాయి. ఆవిడ వంగి, ఊనా జేబులోంచి తీసిన ముక్కని దాని అంచున పెట్టింది. ఏప్రన్‌లోని నలుసులన్నీ విదిలించింది.

"ఇక్కడే ఉంది చూడు తల్లీ," అంది. "ఎవరూ తీసుకెళ్ళలేదు."

చాలాసేపు నిలబడింది. కొసలు మెల్లగా ఇటు తిరిగాయి.

ఆ రోజు నుంచి హనోరా రోజూ ఒక రొట్టె గడపలో పెట్టేది. వసంతానికి పచ్చిక పెరడు దాటింది. మరుసటి వసంతానికి గుమ్మం ముందు పరుచుకుంది. తిన్నకొద్దీ వెడల్పయింది కానీ ఒక్కనాడూ చాలు అనలేదు. మలాకీ పొలం కౌలుకిచ్చేసి కిటికీ దగ్గర కూర్చునేవాడు. అతను పోయినప్పుడు మోసేవాళ్ళు రొట్టె నములుతూనే శవపేటిక ఎత్తారు. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. గేటు దగ్గర హనోరా వాళ్ళని ఆపి, మిగిలింది తినిపించి, జేబులు తిరగేసి దులిపించి మరీ పంపింది. పిసినారితనం ముదిరి పిచ్చయిందని ఊరు తేల్చేసింది. తర్వాత ఆవిడ దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. పెగ్ మాత్రం రోడ్డు మీద నిలబడి బతికే ఉన్నావా అని కేకేసేది, లోపల్నుంచి గిన్నె మోగేది.

ఒక చలికాలం గిన్నె మోగలేదు. వెళ్ళి చూసినవాళ్ళు నేల చెక్కల సందుల్లోంచి పచ్చిక పైకి వచ్చి, పొయ్యి చుట్టూ, ఆవిడ మంచం చుట్టూ ఒత్తుగా పెరిగి ఉందని చెప్పారు. ఇంటి వెలుపల ఒక్క పరక లేదు. తలుపు మూసి వచ్చేశారు. అది ఆ ఇల్లు దాటి మళ్ళీ ఎటూ పోలేదు.

డకోటాలో ఊనా పిల్లలకు అమ్మ పుట్టింటి కథ ఒకటే తెలుసు. అమ్మమ్మ మహా పిసినారి, అమ్మ జేబులోంచి రొట్టెముక్క లాక్కుంది. ఊనా ఆ కథ ఎప్పుడూ ఒకేలా చెప్పేది. పెద్దయ్యాక వాళ్ళు ఆ కథని తమ పిల్లలకూ చెప్పారు. గెరాటీల గురించి ఆ కుటుంబంలో మిగిలింది అదే.

చిన్నప్పుడు ఊనా పిల్లలు పొద్దస్తమానం ఖాళీ జేబులతో ఇంటి చుట్టూ ఉన్న మామూలు గడ్డిలో పడి దొర్లేవారు, పరిగెత్తేవారు, పరిగెత్తి పరిగెత్తి ఎక్కడివాళ్ళక్కడ పడుకునేవారు. ఒక సాయంత్రం ఊనా వేడి రొట్టెలు బల్ల మీద పెట్టి, గుమ్మంలోకి వచ్చి పిలిచింది. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచింది.

"ఆకలి లేదమ్మా," అన్నారు గడ్డిలోంచి, అందరూ కలిసి.

ఏం పిల్లలో అని విసుక్కుని, ఊనా రొట్టెల మీద గుడ్డ కప్పింది.