దానిమ్మ రంగుకు తాగేనీళ్ళు

గంగాళంలో పట్టు వేసిన పావుగంటకే బోరు గాలి కక్కడం మొదలుపెట్టింది.

నాజ్‌నీన్ మోటారు ఆపి మళ్ళీ వేసింది. చుక్క రాలేదు. ధర్మవరం శివారులోని ఆ రేకుల షెడ్డులో, చెనిక్కాయ పొట్టు మంట మీద, రెండు రోజులు నానబెట్టి వడగట్టిన దానిమ్మ తొక్కల రసం సన్నగా కాగుతోంది. పటికనీళ్ళలో నానిన పట్టుదారం చిలపలు కర్రలకు వేలాడుతున్నాయి. గంగాళం సగమే నిండింది. రసానికి పైన మిగిలిన పట్టు రంగు తాగదు. చారలు పడితే ఆ పట్టు చీరకు పనికిరాదు.

పట్టు ఈశ్వరప్పది. పది మగ్గాల యజమాని, మొక్కల రంగు మీద నమ్మకం కుదిరి తొలిసారి ఆమెకు ఇచ్చాడు. ఫోను చేయగానే నీళ్ళ ట్యాంకరు వెంటబెట్టుకొని వచ్చాడు.

నాజ్‌నీన్ గ్లాసుడు ట్యాంకరు నీళ్ళలో రెండు చెంచాల రసం పోసింది. పసుపు చూస్తుండగానే బూడిదరంగుకు తిరిగింది.

"ఈ నీళ్ళలో ఇనుము ఉండాదన్నా. పోస్తే పట్టంతా మసిగుడ్డ అవుతాది."

"రోంత పౌడరు రంగు కలుపు. ఎవురు చూస్తారు?"

"ఆ నీళ్ళు మళ్ళా వీధిలోకే పోతాయి గదా. అది నాతో కాదన్నా."

ఈశ్వరప్ప రసం పైకి తేలి ఆరుతున్న పట్టు వైపు చూశాడు. ఆమె అతని చేతికి కర్రలు ఇచ్చింది. "ఆపకుండా తిప్పతా ఉండు. పట్టు అర్ధగంట ఓర్చుకుంటాది."

ఇనుము లేని నీళ్ళంటే ఇక వీధిలో ఇంటింటా ఉండే తాగేనీళ్ళ క్యాన్లే. మొదటి గుమ్మంలో అడగ్గానే హనుమంతమ్మ అడ్డం నిలబడింది.

"తాగే నీళ్ళు రంగులో పోయాల్నా? మీ నాయన షెడ్డు నీళ్ళతోనే ఈ వీధి బోరింగు చెడింది. నా బిడ్డకు ఒళ్ళంతా పుండ్లు లేచినాయి. అడిగితే ఏమన్నాడు? బోరింగు తుప్పంట."

బోరింగులో వచ్చిన ఆ ఎర్రనీళ్ళు నాజ్‌నీన్‌కూ గుర్తే. తండ్రి ఇమాంసాబ్ ముప్పై ఏళ్ళు రసాయనాల పౌడరు రంగులు కాచాడు. చేతుల చర్మం పగిలి పని మానేశాడే గానీ, బోరింగు మాట ఎత్తితే ఇంట్లోంచి లేచి వెళ్ళిపోయేవాడు.

వెనక చెప్పుల చప్పుడైంది. ఇమాంసాబ్ గోడ పట్టుకుని వస్తున్నాడు.

"తుప్పు కాదు హనుమంతమ్మా," అన్నాడు. "నా షెడ్డు నీళ్ళే. కాలువ తవ్వి బోరింగు పక్కకు నేనే వదిలినా. భూమిలోకి దిగుతాయని తెలిసే వదిలినా."

పక్కింటి పద్మజ చీపురు ఆపి నిలబడింది. తెలిసే వదిలాడు. ఆ మాట నాజ్‌నీన్ కూడా మొదటిసారి వింటోంది. తండ్రి ముఖం వైపు చూడలేకపోయింది. షెడ్డులో పట్టు ఆరిపోతోందని తెలిసీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

హనుమంతమ్మ లోపలికి పోయింది. తలుపు వేసుకుందనే అనుకున్నారు. కాసేపటికి క్యాను దొర్లించుకుంటూ వచ్చింది.

"నీ కోసరం కాదు ఇమాంసాబూ. పగుళ్ళు లేని నీ పాప చేతులు చూసి ఇస్తాండా." తర్వాత పక్కకు తిరిగింది. "పద్మజా, మీ ఇంట్లో ఎన్ని ఉండాయే?"

ఏడు క్యాన్లు వచ్చాయి. ఈశ్వరప్ప చొక్కా తడిసి ముద్దయింది గానీ కర్రలు తిప్పడం మానలేదు. నాజ్‌నీన్ నీళ్ళు కొద్దికొద్దిగా, రసం చల్లారకుండా పోసింది. గంట తర్వాత పట్టు తీసి నీడలో వేలాడదీశారు. ఒక చిలపకు చారలు పడ్డాయి. మిగతావి ఎండుగడ్డి రంగులో, ఎక్కడా మచ్చ లేకుండా వచ్చాయి.

ఈశ్వరప్ప ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశాడు. చారలు పడినదాన్ని పక్కన పెట్టి, "వచ్చే వారం ఇంకో లాటు తెస్తా. నీళ్ళు ముందే చూసి పెట్టుకో," అన్నాడు.

మధ్యాహ్నం నాజ్‌నీన్ వాటర్ ప్లాంటులో క్యాన్లన్నీ నింపించి ఇంటింటికీ మోసింది. హనుమంతమ్మ తన క్యాను అందుకుంది.

"మీ నాయన ఆ మాట ఆ పొద్దే చెప్పింటే బాగుండేదిమే."

"అవును పెద్దమ్మా," అంది నాజ్‌నీన్.

హనుమంతమ్మ లోపలికి రమ్మనలేదు. తలుపు మాత్రం తెరిచే ఉంచింది.