మిద్దె దిగినా మారనోళ్ళు

గద్వాల్‌లో మందుల షాపులో పనిచేసే సరిత, వనపర్తిలో జరిగే కథల వర్క్‌షాప్‌లో తన కథ చదివింది. వరదొచ్చినప్పుడు అలంపూర్‌లో వాళ్ళమ్మ కాంతమ్మ, పక్కింటి రాములమ్మ ఒకే మిద్దె మీద చిక్కుకున్న కథ. నడిమి గోడ పంచాయితీతో ఇద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవు. మిద్దె మీదా మాట్లాడుకోలేదు. రాములమ్మ తన మేకను పైకెక్కించుకుంది. ఏం చెప్పాలన్నా ఇద్దరూ దానికే చెప్పేవాళ్ళు.

"ఓ మేకా, రొట్టె ఉంది. తినేటోళ్ళు తినొచ్చు," అనేది కాంతమ్మ.

"మేకా, పండేటోళ్ళు జర అంచుకు దూరం పండాలె," అనేది రాములమ్మ.

పడవొచ్చింది, దిగారు. వరద తీశాక కూలిన గోడ దగ్గర మళ్ళీ కొట్లాట. అక్కడితో కథ అయిపోయింది.

వర్క్‌షాప్ నడిపే భాస్కర్ సారు అంతా విన్నాడు. "బాగుందమ్మా. కానీ పాత్ర మారకుంటే కథ కాదు. మిద్దె మీద ఇద్దరూ కలవాలె. ఒక్క మాట చాలు. వచ్చే ఆదివారం మార్చి తీస్కరా, మన వర్క్‌షాప్ కథల పుస్తకంల వేద్దాం."

వారమంతా మందుల చీటీలు అందుకుంటూ సరిత ఆ ఒక్క మాట వెతికింది. కథలో రాములమ్మ చేత కాంతమ్మను "అక్కా" అనిపించింది. చదువుకుంటే తన కళ్ళే చెమ్మగిల్లాయి. దాంతో ఇంకా కుదురు లేకుండా పోయింది. తనకు తెలిసిన రాములమ్మ ఆ మాట అనదు. కొట్టేసింది. మళ్ళీ రాసింది. చివరికి అమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, మిద్దె మీద ఒక్కసారన్న ఆమెను పిలవబుద్ధి కాలేదా?"

"ఎందుకు పిలుస్త? గోడ మాది."

"మరి రొట్టె ఎందుకు పెట్టినవ్?"

"ఆకలైతుంటే పెట్టనా? గదేం మాటనే!"

ఆదివారం బస్సు అమరచింత దాటినా ఏ ముగింపు చదవాలో తేల్చుకోలేదు. తన వంతు వచ్చాక పాతదే చదివింది.

"మరి ఏం మారింది సరితా?" అన్నాడు భాస్కర్.

"ఏం మారలే సార్."

"జరిగింది వేరు, కథ వేరు."

"కావచ్చు సార్. కానీ వాళ్ళను కలిపితే, పడనోళ్ళు ఒకరినొకరు బతికించుకోరు అన్నట్టయితది. వాళ్ళు బతికించుకున్నరు."

ఆయన వాదించలేదు. పుస్తకంలో కథ వేయనూ లేదు. మెట్లు దిగుతుంటే, తోటి రచయిత్రి పద్మజ వెనకాలే వచ్చి, "ఇంతకూ గోడ ఎవరికి పోయింది?" అనడిగింది.

"ఇంకా తెగలే," అంది సరిత. ఇద్దరూ నవ్వారు.

పుస్తకం వచ్చాక కొని, షాపులో బేరం లేనప్పుడల్లా చదివింది. ప్రతి కథలో ఎవరో ఒకరు చివరికి మారుతున్నారు. వాటిలో కొన్ని నిజంగానే బాగున్నాయి. అదే ఆమెను పరేషాన్ చేసింది.