కోట గుమ్మం నుంచి ఒక మైలు

నేను ఒక మైలురాయిని. కిలోమీటరు రాయిని కాను, ముందే చెబుతున్నాను. పసుపు టోపీలు పెట్టుకుని రోడ్డు పక్కన వరసగా నిలబడే సిమెంటు దిమ్మలు వేరు, నేను వేరు. వేణుగిరి కోట గుమ్మానికి సరిగ్గా ఒక మైలు దూరం చెప్పడానికి పుట్టిన నల్లరాతి ముక్కని. ఈమధ్య ఊళ్ళో నా గురించి ఒక మాట తిరుగుతోంది. ఆ రాయి ఒక ఆడపిల్లని మోసం చేసిందట. వింటే ఒళ్ళు మండదూ? కాళ్ళు లేనివాణ్ణి. నూట ముప్పై తొమ్మిది మీటర్లు నా అంతట నేను నడిచొచ్చి మోసం చేశానంటే నమ్మేవాళ్ళని ఏమనాలి?

నన్ను చెక్కినవాడు కొండ దిగువ క్వారీలో పనిచేసే అప్పలసూరి. పైన తెలుగు ఒకటి, కింద ఇంగ్లీషు ఒకటి చెక్కమంటే, రెండూ ఒకటే అయినప్పుడు రెండుసార్లు చెక్కడం దేనికని అడిగాడు. అడుగుతూనే రెండూ చెక్కాడు. సంస్థానం ఓవర్సీరు ఉత్త చాదస్తుడు. కోట గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఇద్దరు కూలీల చేత ఇనపగొలుసు పట్టించి ఎనభై గొలుసుల దూరం, అంటే సరిగ్గా ఒక మైలు, కొలిపించాడు. డెబ్భైమూడో గొలుసు దగ్గర ముందున్నవాడికి లెక్క మీద అనుమానం వచ్చింది. అంతే, నడినెత్తిన ఎండ ఉండగా ఇద్దర్నీ వెనక్కి తీసుకుపోయి మళ్ళీ మొదటినుంచి కొలిపించాడు. వాళ్ళు ఆయన్ని తిట్టుకుంటూనే కొలిచారు. అలా రెండుసార్లు కొలిచి పాతిన రాయిని నేను. నాలో గొప్పతనమంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

తరవాత మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చాయి. ప్రభుత్వం లెక్కలో ఆరోజే నేను చచ్చాను. పీకి పారెయ్యడానికి కూడా ఎవరికీ తీరిక లేకపోయింది. గేదెలు నాకేసి వీపు రుద్దుకున్నాయి. ఎన్నికలొస్తే నా మొహాన కాగితాలు అంటించారు. ఓడిపోయిన ఒకాయన మొహాన్ని మూడేళ్ళు మోశాను. పైడమ్మ నా పక్కన టీ బడ్డీ పెట్టుకుని, కడిగిన గ్లాసులు నా నెత్తిన బోర్లించేది. ఆమె మీద నాకు కోపం లేదు. పొద్దున్నే పలకరించే దిక్కు ఆవిడే.

నన్ను మళ్ళీ బతికించినవాళ్ళు పరుగులవాళ్ళు. వేణుగిరిలో ఉద్యోగం కావాలంటే పుస్తకాలతోపాటు కాళ్ళు కూడా ఉండాలి. పోలీసు, సైన్యం, రైల్వే రక్షక దళం, ఏ నోటిఫికేషను పడ్డా తెల్లారేసరికి ఊరూ చుట్టుపక్కల పల్లెలూ రోడ్డెక్కుతాయి. ఎవరి దారి వాళ్ళది. వగర్పు అలవాటు కానివాళ్ళు కోట చుట్టూ, అగడ్త వెంబడి ఏనుగుశాల గోడ పక్కనుంచి తిరుగుతారు. కాస్త ముదిరినవాళ్ళు చెరువు గట్టెక్కి గోగుచేల మధ్యకి దిగుతారు. సైన్యానికి వెళ్ళేవాళ్ళు జీడితోటల్లోంచి ఏటి వంతెన దాకా పోయి వస్తారు. పోలీసు పరీక్షకి వెళ్ళేవాళ్ళది మాత్రం నా దారి. మైలంటే పదహారు వందల తొమ్మిది మీటర్లు. పరీక్షలో పరుగు పదహారు వందలు. ప్రభుత్వం పారేసిన మైలు ప్రభుత్వ ఉద్యోగానికే పనికొచ్చింది చూశారా. కోట గుమ్మం దగ్గర బయలుదేరి వచ్చి అరచెయ్యి నా నెత్తిన చరిచి ఆగేవాళ్ళు. ఉద్యోగం వచ్చినవాళ్ళు తిరిగొచ్చి నా ముందు కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. కాస్త పొగరెక్కిన మాట నిజమే, దాచుకోను.

ఆ పొగరు దించడానికే అన్నట్టు రోడ్డు వెడల్పు చేసే పని వచ్చింది. అదే సమయంలో ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషి సరిగ్గా నా వెనక స్థలంలో కల్యాణమండపం కట్టించాడు. గేటు నాకెదురుగా వచ్చింది. వాస్తు చూసే ఆయన వచ్చి, ద్వారానికెదురుగా రాయి ఉంటే ద్వారవేధ, ఇక్కడ పెళ్ళిళ్ళు నిలవవు అన్నాడు. నూటపాతికేళ్ళ పైబడి నా ముందునుంచి ఎన్ని పెళ్ళిబళ్ళు వెళ్ళాయో, ఒక్కదానికైనా నావల్ల ఆపద వచ్చిందా? అడిగే నాథుడు లేడు. నన్ను పీకారు. పసుపు రాసి, దణ్ణం పెట్టి మరీ పీకారు. ఎక్కడ పాతమంటారని కూలీ అడిగితే, మేస్త్రీ బీడీ తీయకుండానే "ఎక్కడో దగ్గర పాతీరా" అన్నాడు. అదే రోజు పైడమ్మ బడ్డీనీ లేపేశారు. ఆమె ఊరివైపు చింతచెట్టు నీడకి చేరింది. కూలీలకి ఆ నీడే నచ్చి నన్నూ అక్కడే పాతారు.

రోడ్డు తవ్వినన్నాళ్ళూ పరుగులవాళ్ళు చెరువు గట్టు పట్టుకున్నారు. పాతవాళ్ళు ఉద్యోగాలొచ్చి వెళ్ళిపోయారు. కొత్త రోడ్డు మీదకి కొత్తవాళ్ళు వచ్చారు. రాయి పక్కన పైడమ్మ బడ్డీ, బడ్డీ పక్కన రాయి, అంతా పాతవాళ్ళ దగ్గర విన్నట్టే ఉంది. ఇంక అనుమానం దేనికి?

అలా వచ్చినవాళ్ళలో రత్నం ఒకతె. కందివలస పిల్ల. తండ్రి పనిచేసిన నారమిల్లు మూతపడింది. ఈసారి కానిస్టేబులు పని రాకపోతే రొయ్యల కంపెనీ బస్సెక్కాలని ఇంట్లో తేల్చి చెప్పేశారు. ఆ బస్సులో వెళ్ళిన అక్క చేతివేళ్ళు మంచులో నానినాని ఎలా ఉన్నాయో రత్నం పైడమ్మకి చెప్పగా విన్నాను. ఆడపిల్లలకి పరీక్షలో పదిన్నర నిమిషాలు గడువు. రత్నం నన్ను తొమ్మిది నిమిషాల యాభై సెకన్లకే చరిచేది. చరిచి నవ్వేది. నలభై సెకన్లు మిగిలాయనుకుంటోంది వెర్రిపిల్ల. నాకు నోరుంటే అరిచేవాణ్ణి, ఇంకా ఉంది తల్లీ, పరిగెత్తు అని.

నోరున్నాయన ఒకరున్నారు, పట్నాయక్ మాస్టారు. బడిపంతులు కాదు, సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరైనా అందరూ మాస్టారనే అంటారు. కొత్త రోడ్డు పడ్డాక, డాక్టరు పరిగెత్తమన్నాడని మొదలెట్టి, ఆ పిచ్చి ముదిరి, వేణుగిరి చుట్టూ ఉన్న పరుగుదారులన్నీ పటం గీసి జిరాక్సులు తీయించి పిల్లలకి పంచాడు. అందులో నా బొమ్మ కూడా ఉంది, పక్కన 'ఒక మైలు' అని. ఆయన చేతికి కూతురు కొనిచ్చిన వాచీ ఉంది. కోట గుమ్మం నుంచి నా దాకా పధ్నాలుగు వందల డెబ్భై మీటర్లేనని ఆ వాచీ రోజూ మొత్తుకునేది. మాస్టారు దాన్ని రెండుసార్లు విదిలించి, "ఇది బజారు సరుకు. రాయి సంస్థానం నాటిది," అనేవాడు. జీవితమంతా భూమి కొలిచి బతికినవాడు! నా మీద గౌరవంతో నన్నే అబద్ధాలకోరుని చేశాడు.

పరీక్ష అయిన మర్నాడు పొద్దున రత్నం వచ్చింది, పరిగెత్తడానికి కాదు. నా మీద కూలబడింది. పది నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు పట్టిందట. పద్దెనిమిది సెకన్ల తేడాలో ఉద్యోగం పోయింది.

"మా అయ్య నీకు కాళ్ళు లేవే అనీసినాడు," అంది పైడమ్మతో. "నిజమేనేమో పిన్నీ. ఆఖర్న నా కాళ్ళు సచ్చిపోనాయి. ఇక్కడ ఎప్పుడూ అలాగ అవలేదు."

మాస్టారు ఓదార్చబోయి, భయపడి ఉంటావమ్మా, రాయి దాకా రోజూ వచ్చేదానివేగా అన్నాడు. పైడమ్మ గ్లాసు కడుగుతూ మామూలుగా అంది: "ఈ రాయి ఇదివరకు ఆ కల్యాణమండపం గేటుకాడ ఉండీది కాదేటి బాబూ. నన్నూ దాన్నీ ఒక్కరోజే అక్కడినుంచి నేపీసినారు."

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టేశాడు. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నన్నెవులడిగినారు?" అంది పైడమ్మ.

మర్నాడు మాస్టారు పాత టేపు తెచ్చాడు. రత్నం ఒక కొస పట్టుకుంది. కోట గుమ్మం నుంచి నా దాకా సరిగ్గా పధ్నాలుగు వందల డెబ్భై. వాచీ తప్పు చెప్పలేదు. పూర్తి మైలు వెళ్ళి గేటు ముందు తేలింది. మాస్టారు సున్నంతో అడ్డంగా గీత గీస్తే కాపలావాడు కేకలేస్తూ వచ్చాడట. మాస్టారు తిరిగొచ్చి నా పక్కన మట్టిలో కూచున్నాడు. రత్నం ఆయన్నొక్క మాటే అడిగింది.

"అంటే నా కాళ్ళు మంచియే కదా మాస్టారూ?"

ఆయన తలూపాడు.

నన్ను మళ్ళీ నా చోట పాతించడానికి ఆయన రోడ్ల ఆఫీసుకి అర్జీ పట్టుకెళ్ళాడు. మైలురాళ్ళు మా రికార్డులో లేవండి, లేని రాయిని ఎలా జరుపుతాం అన్నారట. జరిపినప్పుడు ఏ రికార్డు చూసి జరిపారో! గేటుకేమీ కాలేదు. మేస్త్రీకేమీ కాలేదు. పెళ్ళిళ్ళు బ్రహ్మాండంగా జరుగుతున్నాయి. పిల్లకి మాత్రం రొయ్యల కంపెనీ బస్సెక్కే గతి పట్టబోయింది. టేపు లెక్క విన్నాక తండ్రి మెత్తబడి, వచ్చే నోటిఫికేషను దాకా ఆగుతానన్నాడు. ఆ తరవాత వయసు దాటిపోతుంది. ఈ ఒక్క అవకాశమే మిగిలింది.

ఒకరోజు రత్నం రోడ్డుపని డబ్బాలో మిగిలిన తారు తెచ్చి నా మొహాన ఉన్న రెండు ఒకట్లనీ పూసేసింది. అప్పలసూరి ఉలి దెబ్బలన్నీ పూడిపోయాయి. పైడమ్మ అయ్యో అంది. నేను మాత్రం అయ్యో అనుకోలేదు. పీకిన రోజునుంచీ తప్పు చెబుతూ నిలబడ్డాను. ఇప్పుడు నన్ను చూసి ఎవరి బతుకూ చెడదు. నా కోపమల్లా ఆ పిల్ల మీద కాదు, ఆ తారు ఎవరి మొహాన పడాలో వాళ్ళ మొహాన పడనందుకు.

నిన్న తెల్లవారుజామున మాస్టారు మండపం గేటు దగ్గర వాచీతో నిలబడ్డాడు. రత్నం కోట వైపునుంచి వచ్చింది. నా దగ్గర ఆగలేదు, నావైపు చూడలేదు. దాటి పోయింది. కాసేపటికి ఇద్దరూ బడ్డీ దగ్గరికి నడుచుకుంటూ వచ్చారు.

"పది ముప్పై నాలుగు," అన్నాడు మాస్టారు, తప్పంతా తనదైనట్టు. "ఇంకా నాలుగు సెకన్లు ఎక్కువేనమ్మా."

రత్నం మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంది.

"ఆ పద్దెనిమిదీ ఆ గేటువి మాస్టారూ. ఈ నాలుగూ నావి," అంది. "నావైతే నాను సూసుకుంటాను."

టీ వద్దంది. మళ్ళీ కోట గుమ్మం వైపు నడిచింది.