మిల్లీలీటరుకు రెండు లక్షల ప్రాణాలు

ముందు నేరం ఒప్పుకుని, తర్వాత కథ చెబుతాను. మా అత్త ఊరికి తాగునీళ్ల ట్యాంకర్ ఆగిపోయింది నా వల్లే. అబద్ధం రాసినందుకు కాదు. నిజం రాసినందుకు.

ఇది తొంభై ఏడు. మూడేళ్ల కిందట సంగారెడ్డిలో డిప్లొమా చేసి పటాన్‌చెరులో ఒక ప్రైవేట్ ల్యాబ్‌లో చేరాను. చెరువు నీళ్లను మైక్రోస్కోప్ కింద పెట్టి ప్లవకాలను లెక్కపెట్టడం నా పని. ప్లవకాలంటే నీళ్లలో తేలుతూ బతికే సన్నటి ప్రాణులు. పెళ్లిచూపుల్లో ఈ ఉద్యోగం గురించి చెప్పి చూడండి, తెలుస్తుంది.

ఈ మార్చిలో మా సత్తెమ్మత్త ఊరి చెరువు నీళ్ల సీసా వచ్చింది. రెండేళ్ల కిందట ఫ్యాక్టరీల నీళ్లు కలిసి ఆ చెరువూ బోర్లూ పాడయ్యాయి. అప్పట్నుంచి ఊరికి ట్యాంకరే దిక్కు. చేరిన కొత్తలో ఇదే చెరువు నీళ్లలో ఇరవై రెండు రకాలు చూశాను. గాజు పడవల్లాంటివి, ఒంటికన్ను పురుగులు. ఈసారి ఒక్కటే రకం. సందు లేకుండా పచ్చ నాచు. మిగతావన్నీ చచ్చాక చెరువంతా దానిదే.

ఫారంలో ఉన్నది ఒకే గడి, మిల్లీలీటరుకు మొత్తం ఎన్ని అని. రెండు లక్షలు అని నింపాను. సంతకం పెట్టి టీకి వెళ్లాను.

పది రోజులకు అత్త ఖాళీ బిందెతో ల్యాబ్ గేటు దగ్గర నిలబడింది.

"కండక్టర్ బిందెకు గూడ టికెట్ కొట్టిండా అత్తా?"

"పరాచికాలు బంద్ జెయ్ పిల్లా. ట్యాంకర్ బందైంది. మండలాఫీసు సారొచ్చి కాయితం జూపిచ్చిండు. చెరువుల రెండు లచ్చల పానాలున్నయట, నీళ్లు బాగైనయట. కింద నీ సంతకం."

"నా సంతకమని ఎవరు చెప్పిన్రు?"

"నేనే జెప్పిన, ఊరందరికి. మా కోడలు పిల్లే అని. సంబురపడి సచ్చిన."

లోపలికి పరుగెత్తాను. మా ల్యాబ్ ఇంచార్జి కైలాసం సార్ టిఫిన్ డబ్బా తెరుస్తున్నాడు.

"సార్, ఆ ఫారం దిద్దాలె."

"లెక్క తప్పు పెట్టినవా?"

"లేదు సార్, లెక్క కరెక్టే."

"మరేం దిద్దాలె తల్లీ?"

"ఉన్నది ఒక్కటే రకం సార్. ఊరంత ఖాళీ అయి దోమలు మిగిలితే, జనాభా పెరిగిందన్నట్టుంది."

ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి ఫారం నా ముందు పెట్టాడు. "రకాలకు గడి ఏది? జూపియ్. మల్ల శాంపిల్ వానలు పడ్డంకనే."

వానలకు మూడు నెలలుంది.

రెండు డబ్బాల నీళ్లు పట్టుకుని అత్త వెంటే బస్సెక్కాను. దిగగానే ఆ రెండూ బాలింత పోశమ్మ ఇంటికి పంపేసింది అత్త. తను చెరువు అంచున తవ్విన చెలిమె దగ్గర కూర్చుని, ఇసుకలో ఊరిన నీళ్లు చెంబుతో ముంచింది.

"సూడు, నాచు లేదు. సాఫ్‌గున్నయి."

"వద్దత్తా! నాచు పోతది గని విషం పోదు!"

"ఇగ ఏం తాగాలె? నీ సంతకం తాగాలెనా?"

నేను చూస్తుండగానే తాగింది. చెంబు చివరిదాకా.

మర్నాడు ఆ ఫారం నకలు మీద అడ్డంగా "ఒకటే రకం. ఈ నీళ్లు తాగకూడదు" అని రాసి మండలాఫీసులో ఇచ్చాను. గడి బయట రాసింది చెల్లదన్నారు. అయినా అంతకుముందు ఇరవై రెండు రకాలుండేవని రుజువేదన్నారు. లేదు. ఆ స్లైడు నేనే కడిగేశాను. ల్యాబ్‌లో స్లైడ్లు కడిగి మళ్లీ వాడతాం.

రోజూ ఆ ఆఫీసుకు వెళ్తున్నాను. ట్యాంకర్ ఇంకా రాలేదు. అత్తకు కడుపునొప్పి మొదలైంది. అడిగితే మాట మారుస్తోంది.

అందుకే, ఇంకో చెరువు రుజువు ఇలా కడిగిపోకముందే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ చెరువులో ఏమేం తిరిగేవి? ఏ చేపలు, ఏ పురుగులు, ఏ కప్పలు? ఏ ఏడు నుంచి కనబడటం లేదు? మీ ఊరి పేరుతో నాకు రాయండి. కాగితం నిండా రాయండి. గడి గీయను.