మెల్లగ పాడిన చరణం

సంచిలో ముందుగా పలక పెట్టింది స్వరాజ్యం. దాని మీద రెండు చీరలు, డాక్టరు కాగితాల ఫైలు, మెత్తటి తువ్వాల, సుద్దముక్కల డబ్బా. పలక పగులుతుందేమోనని అన్నీ మళ్లీ తీసి, దాన్ని చీర మడతల మధ్యకు మార్చింది. సంచి చెల్లెలు బాలవ్వది. గొంతులో పుండు. హైదరాబాదులో ఉండే బాలవ్వ కూతురు శ్రీలేఖ, దగ్గరుండి ఆపరేషన్ చేయిస్తానంది. స్వరపేటిక తీసేస్తారట. ఇక బాలవ్వకు మాటంటే పలకే.

"ఇన్ని సుద్దలెందుకే అక్కా? బడిపంతులు నౌకరికి పోతున్ననా?" అని బాలవ్వ నవ్వింది. నవ్వు సగంలోనే దగ్గయింది.

దీపావళి సెలవులు. బతుకుదెరువుకు వాళ్లు వలస వచ్చిన కడోదరాలో మరమగ్గాలు ఆగి వారమైంది. కింద కార్ఖానా మోతకు ఏడాదంతా వణికే ఇంటి గోడలు ఊపిరి పీల్చుకుంటున్నాయి. పాట రికార్డు చేయాలంటే ఈ రోజులే. స్వరాజ్యం మొగుడు నరహరి ముప్పై ఏళ్లుగా మగ్గాల మధ్య బతికినవాడు. ఈ మధ్యే పాత లాప్‌టాప్ కొని, వీడియోలు చూసి ఈ విద్య నేర్చాడు. కిటికీకి బొంతలు కట్టాడు, ఫ్యాను ఆపాడు, మరదలి ముందు మైకు పెట్టాడు.

బాలవ్వ అప్పగింతల పాట ఎత్తుకుంది. గడప దాటే పిల్ల తల్లితో చెప్పుకునే మాటలవి. చరణాలన్నీ నిండు గొంతుతో పాడి, చివరిదానికి వచ్చేసరికి గొంతు దించుతుంది. "మెల్లగ మూయవే తలుపు, తమ్ముడు నిదుర లేచును" అన్నచోట అది పాటో ఊపిరో తెలియదు. ఏ పెళ్లిలోనైనా ఆ ఒక్క మాట కోసమే జనం ముందుకు వంగేవాళ్లు.

"ఇది దాచిపెట్టు బావా. అక్కకు," అంది బాలవ్వ. మర్నాడు రైలెక్కింది.

సెలవులు అయిపోయి మగ్గాలు మొదలయ్యాక నరహరి పాటకు మెరుగులు దిద్దడానికి కూర్చున్నాడు.

"మాస్టరింగ్ అంటరు దీన్ని. జోరుగున్నదాన్ని లిమిటర్ ఆపుతది. తక్కువున్నదాన్ని నేను పైకి గుంజుత. పోగులన్నీ ఒక్క బిగువుల ఉంటెనే బట్ట."

"పాట బట్టనా?"

"నీకు తెల్వది, ఊకో."

స్వరాజ్యం ముందుకు వంగి చూసింది. తెరమీద గుట్టల్లా లేస్తూ పడుతూ ఉన్న పాట గీత, ఆమె చూస్తుండగానే ఇటుకలా చదునైంది. నేర్చుకుని చేస్తున్నవాడికి తానేం చెబుతుంది? చివరి చరణం దగ్గర నరహరి ముఖం చిట్లించాడు. చెవులకున్న హెడ్‌ఫోన్లు నొక్కి పట్టుకున్నాడు. అతనికి అది వినబడనే లేదు. పైకి గుంజాడు. ఇంకా గుంజాడు.

మర్నాడు ఫోన్లో వేసుకుని కార్ఖానాలో మగ్గాల మధ్య నిలబడి వినిపించాడు. అక్కడి వాళ్లకు ఏ పాటకైనా అదే పరీక్ష. రెండు మగ్గాల అవతల ఉన్న రాజమౌళి చెయ్యెత్తి అరిచాడు.

"ఇప్పుడు ఇనవడ్తున్నదే నరహరన్నా! మొదలు ఇనిపించింది దోమ పాడినట్టుండె!"

నరహరి ఉప్పొంగిపోయాడు. ఇంటికొచ్చి, పాత దాని మీదే కొత్తది సేవ్ చేశాడు.

ఆపరేషన్ అయిన వారానికి శ్రీలేఖ వీడియో కాల్ చేసింది. బాలవ్వ మెడంతా కట్లు. మనిషి దిండు మీద పరిచిన గుడ్డలా ఉంది. ఆమె సంతోషపడుతుందని స్వరాజ్యం పాట పెట్టింది. చివరి చరణం వచ్చింది. మెల్లగ మూయవే తలుపు అన్న మాట తలుపు బాదినట్టుగా వచ్చింది. దాని వెనక గదిలోని హోరంతా బుస్సుమంటోంది.

బాలవ్వ కళ్లు చిన్నవి చేసుకుని వింది. పలక అందుకుంది. వంకర అక్షరాలను స్వరాజ్యం కూడబలుక్కుంది.

"నేనెందుకు ఒర్రుతున్న?"

స్వరాజ్యం పాట ఆపేసింది. బాలవ్వ అరచేత్తో పలక తుడిచి ఇంకోటి రాసింది.

"బావను తిట్టకు."

కాల్ అయిపోయాక స్వరాజ్యం నరహరి చెవి దగ్గరకు వచ్చి గట్టిగా అడిగింది. "మొదలుదేది? నువ్వు ఏం చెయ్యకముందుది?"

"బట్ట దిగినంక పోగులెవలు దాస్తరే?" అన్నాడు. అన్నాక ఆమె ముఖం చూశాడు. లాప్‌టాప్ తెరిచి రెండు గంటలు వెతికాడు. ఉన్నదాన్నే తగ్గించి చూశాడు. పాట చిన్నదైంది కానీ, అందులో బాలవ్వ అరవడం మానలేదు. దూరం నుంచి ఒర్రుతోంది, అంతే.

"నాకు రెండూ ఒక్కతీరుగనే ఉన్నయే," అన్నాడు నరహరి, రెండు చెవుల మీదా చేతులు పెట్టుకుని. "ఒట్టు. నాకు తేడా తెలుస్తలేదు."

స్వరాజ్యం అతన్ని తిట్టలేదు.

బాలవ్వ తిరిగి రాలేదు. డిసెంబర్ తొమ్మిది, మంగళవారం పొద్దున పదిన్నరకు ఆసుపత్రిలోనే పోయింది.